స్కాట్లాండ్ చమురు మీద డిబేట్‌కి ప్రిపేర్ కావడం ఎలా

మా మేనకోడలు ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మే చదువుతోంది. వాళ్ల క్లాసులో డిబేట్ పెట్టారు. విషయం "చమురు ఆదాయం ఉంటే చాలు, ఒక ప్రాంతం స్వతంత్ర దేశంగా నిలబడగలదా", ఉదాహరణగా తీసుకోమన్నది స్కాట్లాండ్. ఆదివారం పొద్దున్నే బైరాగిపట్టెడలో మా ఇంటికి ప్రింటవుట్ల కట్టతో వచ్చి, హాల్లో చాప మీద అన్నీ పరిచి కూర్చుంది. "అత్తా, ఒకాయనేమో స్కాట్లాండ్ యూరప్‌లోనే డబ్బున్న దేశం అయ్యుండేదంటాడు, ఇంకొకాయనేమో విడిపోయుంటే రెండేళ్లకే అప్పుల్లో మునిగేదంటాడు, ఇద్దరూ ప్రభుత్వ లెక్కలే చూపిస్తున్నారు. ఎవర్ని నమ్మాలి?" అంది.

ఇద్దరి అంకెలూ నిజమే. వాళ్లు వేర్వేరు సంవత్సరాలు పట్టుకుని మాట్లాడుతున్నారు, అంతే. ఆ రోజు సాయంత్రం దాకా మేమిద్దరం కూర్చుని చేసిన పనినే ఇక్కడ రాస్తున్నాను. గ్రూప్స్‌కి, సివిల్స్‌కి వ్యాసాలు రాసేవాళ్లకి కూడా పనికొస్తుంది. విషయం స్కాట్లాండ్‌దే అయినా పద్ధతి ఎక్కడైనా ఒకటే.

ముందు కథ క్లుప్తంగా తెలిసుండాలి, ఇది ఒక్క నిమిషంలో చెప్పగలగాలి. స్కాట్లాండ్ బ్రిటన్‌లో ఒక భాగం. 1969 నుంచి ఉత్తర సముద్రంలో దాని తీరానికి ఎదురుగా చమురు బయటపడుతూ వచ్చింది. స్కాట్లాండ్ ఊరు ఎబర్డీన్‌కి తూర్పున ఫోర్టీస్ క్షేత్రం 1970లో, స్కాట్లాండ్‌కే చెందిన షెట్లాండ్ దీవులకి ఈశాన్యంగా బ్రెంట్ క్షేత్రం 1971లో దొరికాయి. రోజూ వార్తల్లో చెప్పే "బ్రెంట్ క్రూడ్" ధరలోని బ్రెంట్ ఇదే. ఆ చమురు మాదే అన్న నినాదంతో, స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ ఊరూరా తిరిగి, 1974 అక్టోబర్ ఎన్నికల్లో స్కాట్లాండ్‌లో 30 శాతం ఓట్లు, 11 సీట్లు తెచ్చుకుంది. అదే ఏడాది గావిన్ మెక్రోన్ అనే ప్రభుత్వ ఆర్థికవేత్త ఒక నోట్ రాశాడు. స్కాట్లాండ్ గనక విడిగా ఉంటే ఈ చమురుతో బడ్జెట్‌లో ఇబ్బందిపడేంత మిగులు వస్తుందని, దాని కరెన్సీ యూరప్‌లో గట్టి కరెన్సీల్లో ఒకటవుతుందని దాని సారాంశం. ఆ నోట్‌ని రహస్యంగా ఉంచారు. సమాచార హక్కు లాంటి చట్టం అక్కడ వచ్చాక 2005లో గానీ జనానికి తెలియలేదు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఓటు వేసే మనిషికి తన ఇంటి లెక్క ముప్పై ఏళ్లు దాచి పెడితే ఎట్లా? విడిపోవాలా వద్దా అన్నది తర్వాతి మాట, లెక్క మాత్రం వాళ్ల ముందు పెట్టుండాల్సింది.

ఆ తర్వాత 2014 సెప్టెంబర్ 18న, బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని జనాన్నే అడిగే ఓటు, అంటే రెఫరెండం. పదహారేళ్లు నిండిన ప్రతివాళ్లకీ ఓటు ఇచ్చారు, 84.6 శాతం పోలింగ్ జరిగింది, 55.3 శాతం మంది విడిపోవద్దన్నారు, 44.7 శాతం మంది విడిపోదామన్నారు. కథ ఇక్కడితో ఆపి పనిలోకి దిగండి.

ఏ అంకె కనిపించినా దాని పక్కన సంవత్సరం రాసుకోండి. మా అమ్మాయి చేత మొదట చేయించిన పని ఇదే, ఎర్ర పెన్ను ఇచ్చి ప్రతి ప్రింటవుట్ మీదా ఏ సంవత్సరపు లెక్కో రాయమన్నాను. అరగంటలో సగం గొడవ తీరిపోయింది. మెక్రోన్ చెప్పింది 1974 మాట, అది ఆ రోజులకి సరైనదే. 2013 నవంబర్‌లో స్కాట్లాండ్ ప్రభుత్వం స్వాతంత్ర్యం మీద ఇచ్చిన శ్వేతపత్రం, 2016-17లో తమ వాటా చమురు ఆదాయం 680 కోట్ల నుంచి 790 కోట్ల పౌండ్ల దాకా ఉంటుందని అంచనా వేసింది. అందులో బ్యారెల్ ధర 113 డాలర్లు ఉంటుందని అనుకున్నారు. 2014 మధ్య నుంచే ధర తగ్గడం మొదలైంది, రెఫరెండం జరిగిన కొన్ని నెలల్లోనే కూలిపోయింది, 2016 జనవరికి 30 డాలర్ల కిందికి దిగింది. 2015-16కి స్కాట్లాండ్ ప్రభుత్వమే ప్రచురించిన లెక్కలో చమురు ఆదాయం 6 కోట్ల పౌండ్లు. అంతకు ముందు ఏడాది అది 180 కోట్లు.

ఇక్కడ మా అమ్మాయి ఆగిపోయింది. "ధర నాలుగో వంతుకి పడితే ఆదాయం కూడా నాలుగో వంతుకే కదా పడాలి అత్తా, ఇట్లా మాయమైపోవడం ఏంది?"

మంచి ప్రశ్న. చాలామంది పెద్దవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. దీనికి నేను లండన్ దాకా వెళ్లలేదు, దామలచెరువు మామిడి మండీకి తీసుకెళ్లాను. మా నాన్నకి తోతాపురి తోట ఉండేది. సీజన్‌లో ఆయన వెంట మండీకి వెళ్లేదాన్ని, ట్రాక్టర్ల వరసలో ఎండకి కాయ వాడిపోతుంటే ఆయన తువ్వాలు తడిపి పైన కప్పేవాడు, మధ్యమధ్యలో ఎడమ అరచేతి మీద చూపుడు వేలితో లెక్క వేసుకునేవాడు. ఆ లెక్క ఇది. ఉదాహరణకి కిలో 20 రూపాయలు పలికిందనుకోండి, కోత కూలీలు, ట్రాక్టర్ బాడుగ, మందులు, కమిషన్ కలిపి కిలోకి 8 రూపాయలు పోతే 12 మిగులుతుంది. అదే ధర 10కి పడితే ఖర్చులు అట్లాగే ఉంటాయి, మిగిలేది 2. ధర సగమైంది, మిగులు ఆరో వంతైంది. ధర 8కి పడితే ఏమీ మిగలదు. ఇంకా పడితే కాయ కొయ్యకుండా చెట్టుకే వదిలేస్తారు, మన జిల్లాలో ఆ దృశ్యం చూడనివాళ్లు ఉండరు.

ప్రభుత్వానికి చమురు మీద వచ్చేది ప్రధానంగా ఆ మిగులు మీద పన్ను. అమ్మకం సొమ్ము మొత్తం ప్రభుత్వానిది కాదు. కంపెనీ బావి తవ్విన ఖర్చు, ప్లాట్‌ఫాం నడిపే ఖర్చు, చివర్లో పాతబడిన ప్లాట్‌ఫాంలు విప్పి తీసేసే ఖర్చు అన్నీ తీసేశాక మిగిలిన లాభం మీదే పన్ను పడుతుంది. పైగా ఉత్తర సముద్రం తుఫాన్లది, అక్కడ ప్రతి బ్యారెల్‌కీ ఖర్చు ఎక్కువ. అందుకే ధర కాస్త పడినా పన్ను ఆదాయం పాతాళానికి పోతుంది, ధర లేస్తే అంతే వేగంగా లేస్తుంది. కాబట్టి "స్కాట్లాండ్ దగ్గర ఇంకా ఇన్ని వందల కోట్ల బ్యారెళ్లు ఉన్నాయి" అని ఎవరైనా గుణించి చూపిస్తే వెంటనే అడగాల్సినవి రెండు: తీయడానికి ఎంత ఖర్చు, అందులో పన్ను ఎంత. 2014లో స్కాట్లాండ్ ప్రభుత్వం 2,400 కోట్ల బ్యారెళ్లు మిగిలున్నాయంటే, ఆ పరిశ్రమలోనే పెరిగిన సర్ ఇయాన్ వుడ్ 1,500 నుంచి 1,650 కోట్లకి మించి అందదన్నాడు. భూమి కింద ఉన్నదీ, పైకి తీయగలిగినదీ, తీస్తే గిట్టుబాటయ్యేదీ మూడూ వేరు.

అసలు ఆ పన్ను రేటు కూడా లండన్ చేతిలోనిదే, అది ఎప్పుడూ ఒకచోట నిలవలేదు. 1975లో పెట్రోలియం రెవెన్యూ ట్యాక్స్ అని ప్రత్యేకంగా తెచ్చారు, 2016లో దాన్ని సున్నా చేశారు, ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు పెరిగాక 2022లో కొత్త లెవీ వేశారు. రెండు వేర్వేరు దశాబ్దాల ఆదాయాలు పోల్చేటప్పుడు ఇది మరిచిపోవద్దు.

ఇంక మ్యాప్. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, దయచేసి చేత్తో చేసి చూడండి, ఫోన్‌లో చూసి వదిలేయొద్దు. మా అమ్మాయి స్కూల్ రోజుల అట్లాసు బయటికి తీసి, ఉత్తర సముద్రం ఉన్న పేజీ నేల మీద పెట్టి, కుట్టుపెట్టెలోంచి తెల్లదారం, నాలుగు గుండుసూదులు తెచ్చాము. స్కాట్లాండ్ తీరం, నార్వే తీరం రెండింటి నుంచీ సమాన దూరంలో చుక్కలు పెట్టుకుంటూ పోయి దారం పరిచాము. దాన్నే మధ్యరేఖ అంటారు. బ్రిటన్, నార్వే 1965లో సముద్రాన్ని పంచుకున్నది ఈ సూత్రం మీదే. తర్వాత స్కాట్లాండ్, ఇంగ్లండ్ కలిసే బెరిక్ దగ్గర నుంచి తూర్పుకి ఇంకో దారం. ఇప్పుడు పెన్సిల్‌తో బ్రెంట్, ఫోర్టీస్ ఉన్నచోట చుక్కలు పెట్టమన్నాను. రెండూ పై దారానికి ఇవతల, కింది దారానికి ఎంతో ఎగువన పడ్డాయి. "అంటే చమురు దాదాపు అంతా వీళ్ల వైపే ఉంది కదా!" అంది. చమురు విషయంలో అంతే, దక్షిణాన ఉన్న పాత గ్యాస్ క్షేత్రాలు మాత్రం ఇంగ్లండ్ వైపు పడతాయి.

ఈ దారం వల్లే రెండు రకాల లెక్కలు పుట్టాయి. జనాభా ప్రకారం పంచితే స్కాట్లాండ్‌కి బ్రిటన్ చమురు ఆదాయంలో 8 శాతం చిల్లరే వస్తుంది, ఎందుకంటే జనాభా అంతే. భౌగోళికంగా పంచితే దాదాపు మొత్తం చమురు వాళ్లదే. ఏటా స్కాట్లాండ్ ప్రభుత్వం వేసే ఆదాయవ్యయాల నివేదికలో రెండూ పక్కపక్కన ఉంటాయి. ఎవరైనా "స్కాట్లాండ్ వాటా" అంటే ఏ వాటా అని అడగండి. ఆ మాట చెప్పని అంకె కాకిలెక్కే.

మనకి ఇది కొత్త కాదు. స్కాట్లాండ్ వాళ్లు ఓటేసిన 2014లోనే, జూన్ 2న మన రాష్ట్రం రెండైంది. 2013లో ఇక్కడ సమైక్యాంధ్ర ఉద్యమం నడుస్తున్నప్పుడు బస్సులు లేక, ఆఫీసులు లేక, టీ కొట్ల దగ్గర అందరి నోటా ఒకటే మాట, హైదరాబాద్ ఆదాయం ఎవరిది? అందరం కట్టిన ఊరు అని ఇటువాళ్లు, మా నేల మీద ఉంది కాబట్టి మాది అని అటువాళ్లు. చివరికి విభజన చట్టంలో భూములు, స్థిరాస్తులు ఎక్కడున్నవి అక్కడి రాష్ట్రానికి పోయాయి, అప్పులు మాత్రం జనాభా నిష్పత్తిలో, అంటే 58.32, 41.68 చొప్పున పంచారు. స్కాట్లాండ్ వాదనలో కూడా ముడి పడేది ఇక్కడే. చమురు భౌగోళికంగా పంచుకుందాం అనేవాళ్లు అప్పు ఏ సూత్రం మీద పంచుకుంటారో చెప్పాలి. జనాభా ప్రకారం పంచుకుందాం అనేవాళ్లు, మరి 1970ల నుంచి లండన్ ఖజానాకి పోయిన చమురు సొమ్ము మాటేంటో చెప్పాలి. మీరు ఏ పక్షం మాట్లాడినా ఎదుటివాళ్లు ఈ ప్రశ్న వేస్తారని రాసి పెట్టుకోండి.

నార్వే ప్రస్తావన తప్పకుండా వస్తుంది. అదే సముద్రం, అదే కాలం, జనాభా కూడా స్కాట్లాండ్‌కి దగ్గరదగ్గరగా 55 లక్షలు. వాళ్లు 1990లో చట్టం చేసి నిధి పెట్టారు, 1996లో మొదటి సొమ్ము వేశారు, దాన్ని విదేశాల్లోనే పెట్టుబడి పెడతారు. ఏటా ప్రభుత్వం అందులోంచి వాడుకునేది ఇంత అని 2001లో ఒక నియమం పెట్టుకున్నారు, మొదట 4 శాతం, 2017 నుంచి 3 శాతం. ఇప్పుడు ఆ నిధి లక్ష కోట్ల డాలర్లు దాటింది. బ్రిటన్ అట్లాంటి నిధి పెట్టలేదు, వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేసింది. స్వాతంత్ర్యం కోరేవాళ్ల దగ్గరున్న చాలా బలమైన వాదన ఇది. అయితే న్యాయంగా మాట్లాడాలంటే ఇంకోటి కూడా చెప్పాలి. బ్రిటన్ మొత్తం జనాభా అప్పటికే ఐదున్నర కోట్లు దాటింది, కాబట్టి అదే చమురు తలకి పంచితే నార్వేలో ఉన్నంత రాదు. స్కాట్లాండ్ ఒక్కటే ఉంటే వచ్చేది. షెట్లాండ్ దీవుల వాళ్లని చూడండి, జనాభా ఇరవై వేల పైచిలుకు. సల్లం వో చమురు టెర్మినల్ తమ గడ్డ మీద పెట్టినందుకు కంపెనీల దగ్గర సొమ్ము తీసుకుని 1970ల్లోనే సొంత నిధి పెట్టుకున్నారు, దానితో వృద్ధుల సంరక్షణ కేంద్రాలు, ఆటల ప్రాంగణాలు కట్టుకున్నారు. ఇది చదివి మా అమ్మాయి అడిగింది, "మరి షెట్లాండ్ వాళ్లు చమురు స్కాట్లాండ్‌ది కూడా కాదు, మాది అంటే?" ఆ ప్రశ్న అక్కడ నిజంగానే వేసినవాళ్లు ఉన్నారు. మా చుట్టూ ఉన్నది మాది అన్న సూత్రం పట్టుకుంటే అది ఏ గీత దగ్గర ఆగుతుందో మీరే చెప్పాల్సొస్తుంది.

స్కాట్లాండ్ ఒక్కదానితో సరిపెట్టకుండా ఇంకో రెండు దేశాలు గుర్తుంచుకోండి, ఎక్కువ అక్కర్లేదు. దక్షిణ సూడాన్ 2011 జనవరిలో దాదాపు 99 శాతం ఓట్లతో విడిపోదామంది, జూలై 9న దేశమైంది. ఉమ్మడి దేశపు చమురులో నాలుగింట మూడు వంతులు వాళ్లకే వచ్చాయి. పైప్‌లైన్, ఓడరేవు మాత్రం ఉత్తరాన ఉండిపోయాయి. రవాణా రుసుము దగ్గర గొడవ వచ్చి 2012 జనవరిలో వాళ్లే చమురు తీయడం ఆపేశారు, ప్రభుత్వానికి వచ్చే ఆదాయమంతా దాదాపు దాని మీదే ఉన్నా సరే. బావి మన పొలంలో ఉండి కాలువ పక్కవాడి పొలంలోంచి పోతే ఎట్లా ఉంటుందో మన రైతులకి చెప్పక్కర్లేదు. ఇంకోటి తూర్పు తైమూర్, 2002 మే 20న స్వతంత్రమైంది, 2005లో నార్వేని చూసి నిధి పెట్టుకుంది, ఆస్ట్రేలియాతో సముద్ర సరిహద్దు ఒప్పందం మాత్రం 2018 మార్చిలో గానీ కుదరలేదు. జెండా ఎగరేశాక కూడా గీత కోసం పదహారేళ్లు కొట్లాడాల్సొచ్చింది. స్కాట్లాండ్ విడిపోతే గీతలు చర్చల్లో తేలాలి, అవి వారంలో తేలవు.

మన దేశం సంగతి ఎవరైనా అడిగితే రాజ్యాంగం 297వ అధికరణం చెప్పండి. సముద్ర గర్భంలో దొరికేది కేంద్రానిది. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాస్ మన తీరానికి ఎదురుగానే ఉన్నా సముద్రంలోని బావుల రాయల్టీ రాష్ట్రానికి రాదు, నేల మీద బావులదైతే వస్తుంది. అస్సాంలో 1980 ప్రాంతంలో "రక్తం ఇస్తాం, చమురు ఇవ్వం" అనే అర్థంలో నినాదం నడిచింది, అప్పటి ఉద్యమం ప్రధానంగా అక్రమ వలసల మీద, ఈ నినాదం మాత్రం దేశం వదలాలని కాదు, మా నేల సొత్తు మీద మాకు మాట ఉండాలని. చమురు మీద కోపం ప్రతిసారీ స్వాతంత్ర్యం దాకా వెళ్లదని చూపించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇంత సరంజామా సర్దుకున్నాక నేను గట్టిగా పట్టుబట్టిన విషయం ఒకటుంది. రెండు ప్రశ్నలు కలిపేయకండి. "డబ్బు సరిపోతుందా" అనేది ఒకటి, "మా గురించి నిర్ణయం ఎవరు తీసుకోవాలి" అనేది ఇంకోటి. మొదటిదానికి అంకెలతో జవాబు ఉంది, అది ఏటా మారుతుంది. 2015-16లో చమురు ఆదాయం ఊడ్చుకుపోయినప్పుడు స్కాట్లాండ్ బడ్జెట్ లోటు వాళ్ల జీడీపీలో 9.5 శాతం. ఆ ఏడాది చూపించి "చూశారా, బతకలేరు" అనడం ఎంత తప్పో, ధర 113 ఉంటుందని బడ్జెట్ వేసుకోవడం అంత తప్పు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది అది. అయితే రెండో ప్రశ్నకి ధరతో పనిలేదు. చమురు చుక్క లేకుండా దేశాలైనవి ఎన్నో ఉన్నాయి. ఇల్లు వేరు పడాలనుకున్న తమ్ముడిని నీ జీతమెంత అని అడగొచ్చు, అడగాలి కూడా, కానీ జీతం ఎంతైతే వేరు పడే హక్కు వస్తుందో ఎవరూ చెప్పలేరు. నా మటుకు నాకు, చమురు డబ్బుని రోజువారీ ఖర్చులకి లెక్క కట్టుకుని స్వాతంత్ర్యం అమ్మడం జనానికి చేసే అన్యాయం. చమురు పడిపోయింది కాబట్టి మీకు అడిగే అర్హతే లేదనడం దానికంటే పెద్ద అన్యాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు, మా అమ్మాయే పూర్తిగా ఒప్పుకోలేదు.

మాట్లాడేటప్పుడు పాటించాల్సినవి కొన్ని. ఐదు నిమిషాలిస్తే మూడు అంకెలకి మించి చెప్పకండి, వినేవాళ్లకి గుర్తుండవు. 113 డాలర్లు, 30 డాలర్లు, 6 కోట్ల పౌండ్లు, ఈ మూడు చాలు. పౌండ్లని మిలియన్లు బిలియన్లలో చెప్తే మనవాళ్లకి ఎక్కదు, కోట్లలోకి మార్చి చెప్పండి, మార్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఒక బిలియన్ అంటే వంద కోట్లు. సున్నా ఒకటి ఎగిరిపోతే వాదన మొత్తం పోతుంది. బ్యారెల్ అంటే 159 లీటర్లని ఒకసారి అనండి, కళ్ల ముందు కనపడుతుంది. మొదట ఎదుటివాళ్ల బలమైన పాయింట్ మీరే ఒప్పుకోండి, తర్వాత మీది చెప్పండి. తెలియని ప్రశ్న వస్తే నీళ్లు నమలకుండా "ఆ లెక్క నేను చూడలేదు" అనేయండి. టెన్షన్ ఎక్కువగా ఉంటే అట్లాసు పేజీ, దారం వెంట తీసుకెళ్లండి. మా అమ్మాయి అదే చేసింది. స్టేజీ మీద మాట మొదలుపెట్టే ముందు ఆ పేజీ ఎత్తి చూపించి, దారం ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ముందు వరసలో కూర్చున్న ఎదుటి టీమ్ అమ్మాయి చేతికి ఇచ్చింది.